కువైట్‌లో ఉండి కడపలో అమ్మానాయనకు ఏడు సీట్ల బండి: ఏది, ఎవరి పేరున?

అడిగినవారు: కడప టు కువైట్

అందరికీ నమస్కారం. ఉద్యోగం కువైట్‌లో, ఇల్లు కడప ఎర్రముక్కపల్లిలో. ఇంట్లో అమ్మ, నాయన, పెద్దమ్మ ఉంటారు. భార్యాపిల్లలతో మేం నలుగురం ఏడాదికి ఒకసారి నెల, నెలన్నర సెలవు మీద వస్తాం. ఒక ఎస్‌యూవీ కొందామని ఉంది. ఆన్‌రోడ్ 25 లక్షలు దాటకూడదు.

వాడకం ఇదీ: నాయనకు 64 ఏళ్లు, గేరు బండి నడుపుతాడు కానీ ఊర్లోనే. మార్కెట్టు, ఆస్పత్రి, బంధువుల ఇళ్లు. దూరం పోవాలంటే యాక్టింగ్ డ్రైవర్‌ను పిలుస్తారు. అప్పుడప్పుడు తిరుపతి, ప్రొద్దుటూరు. మేం వచ్చినప్పుడు చెన్నై ఎయిర్‌పోర్టు. అన్నీ కలిపి ఏడాదికి 7 వేల కిలోమీటర్లు దాటదు. అమ్మకు మోకాళ్ల నొప్పులు.

అనుకున్నవి: స్కార్పియో ఎన్ డీజిల్, సఫారీ డీజిల్, ఇన్నోవా క్రిస్టా, కారెన్స్ పెట్రోలు. ఏది మేలు? బండి నా పేరున తీసుకోవాలా, నాయన పేరునా? ఇక్కడ నాకున్న బండినే ఓడలో పంపించుకోవచ్చా?

జవాబు: గ్యారేజీ మాట

అన్నా, ముందు డీజిల్ సంగతి తేల్చుకోండి, జాబితా సగం దానంతట అదే తగ్గిపోతుంది. మీరు రాసిన నాలుగింట్లో మూడు డీజిల్. మీ వాడకానికి డీజిల్ సరిపడదు.

కారణం మైలేజీ కాదు, డీపీఎఫ్. బీఎస్ 6 (ఇప్పటి కాలుష్య నిబంధనల) డీజిల్ బండికి సైలెన్సర్ దారిలో ఈ ఫిల్టర్ ఉంటుంది. పొగలోని మసిని అది పట్టి దాచుకుంటుంది. నిండేకొద్దీ ఆ మసిని తనే కాల్చుకోవాలి, దాన్నే రీజెనరేషన్ అంటారు. అది జరగాలంటే ఇంజను బాగా వేడెక్కి, ఆగకుండా 15, 20 నిమిషాలు 60 పైన పరుగెత్తాలి. ఎర్రముక్కపల్లి నుంచి మార్కెట్టుకు, అక్కణ్ణుంచి ఇంటికి తిరిగే బండికి ఆ అవకాశం ఎక్కడ వస్తుంది? కాలడం మొదలవుతుంది, ఇల్లు వస్తుంది, నాయన కీ తిప్పి ఆపేస్తాడు. మళ్లీ మొదలు, మళ్లీ ఆగడం.

ఇలా సగంలో ఆగిన ప్రతిసారీ, మసి కాల్చడానికి అదనంగా చిమ్మిన డీజిల్ కొంత సిలిండర్ గోడల వెంట జారి ఇంజనాయిల్‌లో కలుస్తుంది. డిప్‌స్టిక్ తీసి చూస్తే ఆయిల్ తగ్గాల్సింది పోయి మ్యాక్స్ గీత పైకి వచ్చి ఉంటుంది, ముక్కు దగ్గర పెడితే డీజిల్ వాసన కొడుతుంది. ఆ పలచబడిన ఆయిల్‌తోనే తిప్పితే టర్బోకు, బేరింగులకు చేటు. డ్యాష్‌బోర్డులో డీపీఎఫ్ లైటు వెలిగినప్పుడు పట్టించుకోకపోతే బండి లింప్ మోడ్‌లోకి పోతుంది, పికప్ ఉండదు. అప్పుడు సర్వీస్ సెంటర్‌లో స్కానర్ పెట్టి బలవంతంగా కాల్పించాలి. దానికీ లొంగకపోతే ఫిల్టరే మార్చాలి, ఆ ఖర్చు చిన్నది కాదు.

రెండోది యాడ్‌బ్లూ, అంటే డీజిల్ పొగను శుభ్రం చేసే యూరియా ద్రవం. ఇప్పటి పెద్ద డీజిల్ బండ్లలో చాలావాటికి ఇది విడిగా పోయాలి. పూర్తిగా అయిపోయి బండి ఆపితే మళ్లీ స్టార్ట్ కాదు. పైగా ఎండకు పాడవుతుంది: 25 డిగ్రీల లోపు నిల్వ ఉంచితే ఏడాదిన్నర ఆగుతుంది, 35 డిగ్రీల్లో ఆరు నెలలే. మన కడప ఎండలో షెడ్డులో పడేసిన డబ్బా నమ్మొద్దు.

వారానికోసారి ఎవరైనా బండిని మైదుకూరు దాకా హైవేలో ఒకే వేగంతో తిప్పుకొస్తారన్న ఖాయం ఉంటే డీజిల్ తీసుకోవచ్చు. లేకపోతే పెట్రోలే. స్కార్పియో ఎన్ మీద మనసుంటే దాంట్లో పెట్రోలు ఇంజనూ ఉంది. క్రిస్టా ఇప్పుడు డీజిల్, మాన్యువల్ గేరులోనే వస్తుంది. అంత మంచి బండిని మీ వాడకానికి సిఫార్సు చేయలేకపోవడం నిజంగా బాధే. దాని బదులు ఇన్నోవా హైక్రాస్ మామూలు పెట్రోలు (హైబ్రిడ్ కానిది) చూడండి. అది గేరు మార్చే పని లేని సీవీటీ, నాయన వయసుకు అదే సుఖం.

జవాబు: మూడో వరస

పై జవాబుతో ఏకీభవిస్తా. నేను సీట్లు, లగేజీ గురించే చెప్తా, ఎందుకంటే గల్ఫ్ నుంచి వచ్చేవాళ్లకు అసలు ఇరకాటం అక్కడే.

ఏడు సీట్లూ నిలబెట్టినప్పుడు వెనక మిగిలే చోటు చూడండి. క్రిస్టా, హైక్రాస్ 300 లీటర్లు. కారెన్స్ 216. ఎర్టిగా 209. అల్కజార్ 180. సఫారీలో అయితే వందకు బాగా తక్కువ, రెండు చేతి సంచులకు మించి పట్టవు. 28 అంగుళాల సూట్‌కేసు ఒక్కటే దగ్గరదగ్గర 90, 100 లీటర్లు తింటుంది. మీరు నలుగురు, మనిషికి రెండు పెట్టెలు అంటే ఎనిమిది. పైన అమ్మానాయన ఎదురు వస్తారు, డ్రైవర్ వేరే. ఏడుగురు మనుషులు, ఎనిమిది పెట్టెలు ఈ బండ్లలో దేంట్లోనూ పట్టవు. కాబట్టి చెన్నైకి డ్రైవర్ ఒక్కడే రావాలి. మూడో వరస రెండు ముక్కలుగా మడిచేది చూసుకుని, మడిచి పెట్టెలన్నీ వెనక సర్దుకోవాలి, మీరు నలుగురు ముందు రెండు వరసల్లో కూర్చోవాలి. క్యారియర్ మీద పెట్టుకుందాం అనుకునేవాళ్లు బండి మాన్యువల్‌లో రూఫ్ లోడ్ ఎంత రాశారో చూడండి. మామూలుగా 50 నుంచి 75 కిలోల మధ్య ఉంటుంది. రెండు 30 కిలోల పెట్టెలు, క్యారియర్ బరువు కలిస్తే అక్కడితో సరి.

అమ్మ సంగతికి వద్దాం. షోరూంలో ఫోటోలు దిగడం కాదు, అమ్మను తీసుకెళ్లి ఎక్కించి దించాలి. నిలబడి వెనక్కి కూర్చుంటే సీటు తగలాలి. పైకి ఎగబాకినా, కిందికి పడినట్టు కూలబడినా ఆ బండి వద్దు. స్కార్పియో ఎన్ లాంటి, లారీలా విడి ఛాసిస్ మీద కట్టిన బండ్లు ఎత్తు, పక్కన మెట్టు లేకుండా మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ఎక్కలేరు. మెట్టు పెట్టిస్తే దిగేటప్పుడు ప్యాంటు, చీర దానికి రాసుకుంటాయి. కారెన్స్, హైక్రాస్ ఎత్తు ఈ విషయంలో సరిగ్గా కుదిరింది. రెండో వరసలో కెప్టెన్ సీట్లు తీసుకుంటే పిల్లలు మధ్యలోంచే వెనక్కి పోతారు, అమ్మ లేవాల్సిన పని ఉండదు. కాకపోతే ఒక సీటు తగ్గొచ్చు, లెక్క చూసుకోండి.

మే నెలలో మధ్యాహ్నం రెండింటికి టెస్ట్ డ్రైవ్ అడగండి. మూడో వరసలో పెద్దమనిషిని కూర్చోబెట్టి, అక్కడ సొంత ఏసీ వెంట్లు ఉన్నాయా, పది నిమిషాల్లో చల్లబడుతుందా చూడండి. కువైట్‌లో అలవాటని నల్ల ఫిల్మ్ వేయించే ఆలోచన ఉంటే మానండి. ముందు వెనక అద్దాలు 70 శాతం, పక్క అద్దాలు 50 శాతం వెలుతురు పోనివ్వాలన్నది నిబంధన.

ఇంకొకటి. గేటు కొలిచారా? అద్దాలు కలపకుండానే సఫారీ వెడల్పు 1922 మిల్లీమీటర్లు, స్కార్పియో ఎన్ 1917, హైక్రాస్ దాదాపు 1850, క్రిస్టా 1830, కారెన్స్ 1800. అద్దాలకు రెండు పక్కలా కలిపి ఇంకో 20 సెంటీమీటర్లు వేసుకోండి.

అడిగినవారు: కడప టు కువైట్

గేటు ఏడడుగులు అన్నా, వీధి కూడా ఇరుకే. డీజిల్ ఆలోచన వదిలేశా. కారెన్స్ పెట్రోలు, హైక్రాస్ పెట్రోలు మధ్య చూస్తున్నా. గువ్వలచెరువు ఘాట్‌లో ఏడుగురితో కారెన్స్ లాగుతుందా?

జవాబు: గ్యారేజీ మాట

ఏడడుగులంటే 213 సెంటీమీటర్లు. సఫారీ, స్కార్పియో ఎన్ అయితే అద్దాలు మడవకుండా నాయన లోపలికి పెట్టలేడు. హైక్రాస్ కూడా బిగుతే, వీధిలోంచి మలుపు తిప్పి పెట్టాలి కదా. షోరూం వాళ్ల టెస్ట్ డ్రైవ్ బండినే ఇంటికి తెప్పించి, నాయన చేత లోపల పెట్టించి చూడండి.

కారెన్స్‌లో 1.5 మామూలు పెట్రోలు 115 పీఎస్, టర్బో 160. ఊరికి మొదటిది చాలు. ఏడుగురు, ఏసీ, ఘాట్ అంటే మామూలు ఇంజన్ రెండో గేరు వదలదు. ఎక్కుతుంది, కానీ లారీని దాటాలంటే దమ్ము చాలదు. టర్బో తేడా అక్కడ తెలుస్తుంది. టర్బోతో డీసీటీ (రెండు క్లచ్‌ల ఆటోమేటిక్) గేర్‌బాక్స్ తీసుకుంటే డ్రైవర్‌కు ఒక మాట గట్టిగా చెప్పండి: ఎక్కుడులో ట్రాఫిక్ ఆగినప్పుడు బండిని యాక్సిలరేటర్ మీద నిలబెట్టకూడదు, బ్రేకు తొక్కి పట్టాలి. లేకపోతే లోపల క్లచ్‌లు వేడెక్కి స్క్రీన్ మీద హెచ్చరిక వస్తుంది. దిగేటప్పుడు ఏ ఆటోమేటిక్ అయినా డీలో వదిలేసి బ్రేకు మీదే దించొద్దు. మాన్యువల్ మోడ్‌లో రెండు, మూడు గేర్లలో పట్టాలి.

టైర్ల గాలి కూడా. డ్రైవర్ తలుపు దగ్గర స్టిక్కరు మీద ఇద్దరికి ఒక లెక్క, నిండు బండికి ఒక లెక్క ఉంటుంది. తిరుపతి పోయే రోజు రెండో లెక్క కొట్టించాలి.

జవాబు: అనంతపురం పేపర్లు

కాగితాల సంగతి నేను రాస్తా. కారెన్స్ మన పెనుకొండ దగ్గరే తయారవుతుంది, అయినా ఆ పేరు చెప్పి ట్యాక్సులో రూపాయి తగ్గదు.

నాయన పేరునే తీసుకోండి. మీ పేరున ఉంటే ఆర్టీఓ పని వచ్చిన ప్రతిసారీ మీ సంతకం, మీ ఆధార్ ఓటీపీ కావాలి. అమ్మాలంటే ఫారం 29, 30 మీద మీ సంతకాలు. లోను తీరితే హైపోథికేషన్ (ఆర్‌సీలో బ్యాంకు తాకట్టు) తీయించడానికి ఫారం 35. ఇవన్నీ కువైట్ నుంచి చేయాలంటే ఎంబసీలో పవర్ ఆఫ్ అటార్నీ రాయించి పంపాలి, అది ఇక్కడికి చేరిన మూడు నెలల్లోపు స్టాంపు వేయించాలి. అంత తిప్పట ఎందుకు? మీరు ఎన్ఆర్ఈ ఖాతా నుంచి నాయన ఖాతాకు పంపండి, కొడుకు తండ్రికి ఇచ్చే డబ్బు మీద పన్ను లేదు. నాయన డీలర్ ఖాతాకు ఆర్‌టీజీఎస్ చేస్తాడు. రెండు లక్షలు, ఆపైన నగదు డీలర్ తీసుకోకూడదు. రిజిస్ట్రేషన్ అప్పుడే నామినీగా మీ పేరు రాయించండి, ఈ గడి చాలామంది ఖాళీగా వదిలేస్తారు.

లోను కావాలంటే బ్యాంకు మీ వీసా, సివిల్ ఐడీ, జీతం కాగితంతో పాటు ఇక్కడుండే సహ దరఖాస్తుదారుణ్ణి కూడా సాధారణంగా అడుగుతుంది.

లైఫ్ ట్యాక్స్: మన రాష్ట్రంలో 10 లక్షలు దాటి 20 లోపు బండికి 17 శాతం, 20 దాటితే 18. అంటే 18 లక్షల ఎక్స్‌షోరూం బండికి ట్యాక్సే 3,06,000. సెస్సు, ఫీజులు వేరే. బుక్ చేసే రోజు రవాణా శాఖ పోర్టల్‌లో ఒకసారి సరిచూసుకోండి. 10 లక్షలు దాటిన బండికి డీలర్ 1 శాతం టీసీఎస్ (అమ్మేటప్పుడే పట్టే ఆదాయపన్ను) వసూలు చేస్తాడు. ఇది పోయే డబ్బు కాదు. నాయన పాన్ మీద జమవుతుంది, ఆయన రిటర్న్ వేస్తే వెనక్కి వస్తుంది. కాబట్టి బుకింగ్ ఫారంలో పాన్ తప్పు పడకుండా చూడండి.

మీ లైసెన్సు తీసి తేదీ చూడండి. మీరు వచ్చినప్పుడు నడపాలంటే కువైట్ లైసెన్సును నమ్ముకోవద్దు, ఇక్కడిది బతికుండాలి. గడువు తీరాక ఏడాదిలోపు అయితే రెన్యువల్, ఏడాది దాటితే మళ్లీ టెస్టు. చెల్లే లైసెన్సు లేకుండా నడిపి గుద్దుకుంటే సొంత డ్యామేజీ క్లెయిము తిరస్కరిస్తారు.

ఫాస్టాగ్ కూడా నాయన నంబరు మీదే. రీఛార్జి లేక మీ ఇక్కడి సిమ్ చచ్చిపోతే ఓటీపీ రాదు, టోల్‌గేటు దగ్గర అదనంగా కట్టాల్సి వస్తుంది.

జవాబు: రైట్ హ్యాండ్

ఓడ ప్రశ్నకు ఎవరూ జవాబివ్వలేదు. కుదరదు. కువైట్ బండికి స్టీరింగు ఎడమ వైపు. మన దేశంలోకి దిగుమతయ్యే పాత బండికి స్టీరింగు కుడి వైపు ఉండాలి, వయసు మూడేళ్లు దాటకూడదు, కస్టమ్స్ సుంకం చాలా భారీ. ఆ బండిని అక్కడే అమ్మేసి, ఆ డబ్బును దీనికి కలపండి.

జవాబు: మూడో వరస

ఏడు వేల కిలోమీటర్లే తిరిగినా సర్వీసు ఏడాదికోసారి తప్పదు. 10 వేలు లేదా ఏడాది, ఏది ముందైతే అది. ‘ఇంకా తిరగలేదు కదా’ అని వాయిదా వేస్తే వారంటీ క్లెయిము దగ్గర గొడవ. బండి కదలని వారాల్లో 12 వోల్టుల బ్యాటరీ దిగిపోతుంది. నిలబెట్టి ఇంజన్ ఆన్ చేస్తే చాలదు, వారానికోసారి అరగంట నడపాలి. ఇప్పుడు వచ్చే ఇ20 పెట్రోలులోని (20 శాతం దాకా కలిపే) ఇథనాల్ తేమ పీలుస్తుంది కాబట్టి నెలల తరబడి కదలదంటే ట్యాంకు సగం కాకుండా నిండుగా ఉంచండి. ముందు బుల్‌బార్ అని ఎవరైనా అంటగడితే వద్దనండి, కేంద్రం 2017లోనే వద్దంది, ఎయిర్‌బ్యాగుల పనికి అడ్డు.

అడిగినవారు: కడప టు కువైట్

చాలా థాంక్స్ అందరికీ. వచ్చే నెల వస్తున్నా, రెండు బండ్లూ ఇంటికి తెప్పించి గేటు, అమ్మ ఎక్కడం రెండూ చూస్తా. డెలివరీ నేను వెళ్లిపోయాక నాయనే తీసుకుంటాడు. ఆయన ఏమేం చూడాలి?

జవాబు: గ్యారేజీ మాట

రిజిస్ట్రేషన్‌కు, ఇన్సూరెన్సుకు ముందే పగటి పూట యార్డుకు పోవాలి. కాగితాలు అయ్యాక దొరికిన గీతకు జవాబు చెప్పేవాళ్లుండరు. ఛాసిస్ నంబరు ఇన్వాయిస్‌తో కలిసిందా, తయారైన నెల ఏది అని అడగాలి. నాలుగు టైర్లు, స్టెప్నీ పక్క గోడల మీద నాలుగంకెలు ఉంటాయి. మొదటి రెండు వారం, తర్వాతి రెండు సంవత్సరం. ఐదూ దగ్గరదగ్గరగా ఉండాలి. ఓడోమీటరు 100 దాటి ఉంటే ఎందుకని అడగాలి. బంపర్ అంచుల్లో రంగు తేడా, బానెట్ బోల్టుల మీద స్పానర్ గుర్తులు, మూడో వరస ఏసీ, అన్ని బెల్టులు, జాకీ, రెండు తాళాలు చూడాలి. ఇన్సూరెన్సులో థర్డ్ పార్టీ మూడేళ్లు, సొంత డ్యామేజీ ఏడాది అని ఉండాలి. జీరో డిప్ (మార్చిన భాగాలకు తరుగు కోయనిది), ఇంజన్ ప్రొటెక్ట్ (ఇంజన్ పాడైతే ఆదుకునేది) పాలసీ కాగితం మీద రాసి ఉండాలి, నోటి మాట కాదు. నాయన వీడియో కాల్‌లో ఒక్కొక్కటీ చూపిస్తే, మీరు అవునన్నాకే మిగతా డబ్బు పంపండి.