నాలుగో తరగతి బాబుకి మైండ్‌ఫుల్‌నెస్ క్లాసంట, ఫీజు కట్టమంటారా?

బ్రాడీపేట అమ్మ:
మాది గుంటూరండి. బాబుకి తొమ్మిదేళ్లు. స్లిప్ టెస్ట్ ఉన్న రోజు పొద్దున్నే పొట్ట నొప్పి అంటాడు, ఇడ్లీ ముట్టుకోడు, స్కూల్ ఆటో హారన్ వినపడగానే ఏడుపు. డాక్టరుకి చూపించాం, ఒంట్లో ఏమీ లేదు, టెన్షనే అన్నారు. ఇప్పుడు స్కూల్లో మైండ్‌ఫుల్‌నెస్ అని, అంటే ఊపిరి మీదో, ఆ క్షణంలో జరిగే దాని మీదో మనసు పెట్టడమట, వారానికి రెండు క్లాసులు పెడుతున్నారు, ఫీజు వేరే. ఏకాగ్రత పెరుగుతుంది, మార్కులొస్తాయి అని కాగితం పంపారు. మా అత్తయ్యగారేమో పిల్లాడికి ధ్యానమేంటమ్మా, సాయంత్రం కాసేపు ఆడుకోనివ్వండి చాలు అంటున్నారు. ఎవరైనా మీ పిల్లలకి చేయించారా?

పటమట టీచర్:
విజయవాడలో ప్రైమరీ పిల్లలకి చెప్తానండి. అన్నాలయ్యాక మూడు నిమిషాలు చేయిస్తాను, అంతే. కళ్లు మూసుకుని కదలకుండా కూర్చోమంటే ఈ వయసు వాళ్ల వల్ల కాదు, ఒకడు కిసుక్కుమంటే క్లాసంతా నవ్వేస్తుంది. అందుకే చిన్న బెల్లం ముక్క ఇచ్చి, నమలకుండా కరిగేదాకా నాలుక మీదే ఉంచుకోమంటాను. లేకపోతే ఎన్ని చప్పుళ్లు వినపడ్డాయో లెక్కపెట్టమంటాను, ఫ్యాను, కాకి, దూరంగా రైలు కూత. భయం వేసినప్పుడైతే వేడి పాయసం ఊదినట్టు నెమ్మదిగా ఊపిరి వదలమంటాను. ఊపిరి వదిలేటప్పుడు గుండె వేగం కాస్త తగ్గుతుంది కాబట్టి దడ దిగుతుంది. నేను చూసిన లాభం ఒక్కటే, "మిస్, నాకు గుండె కొట్టుకుంటోంది" అని ఏడుపు రాకముందే చెప్పడం వస్తుంది. మార్కుల సంగతి నమ్మకండి. ఢిల్లీ ప్రభుత్వ స్కూళ్లలో 2018లో హ్యాపీనెస్ క్లాసు పెట్టి, అందులో ఇది చేయించినప్పుడు కూడా దానికి పరీక్ష పెట్టలేదు.

లెక్కల నాన్న:
టీచర్ గారూ, మీ బెల్లం బాగుంది కానీ అసలు విషయం పక్కకి పోతోంది. బ్రిటన్‌లో 11 నుంచి 14 ఏళ్ల పిల్లలు 8 వేల మందికి పైగా మీద పెద్ద పరిశోధన చేశారు, ఫలితాలు 2022లో వచ్చాయి. స్కూల్లో అందరికీ కలిపి మైండ్‌ఫుల్‌నెస్ చెప్తే మామూలు పాఠాల కంటే ఎక్కువ మేలేమీ కనపడలేదు, చాలామంది పిల్లలు ఇంటి దగ్గర చేయనే లేదు. మరి మనవాళ్లకి పొద్దుటి నుంచి సాయంత్రం దాకా క్లాసులు, ఆ పైన స్టడీ అవర్, ఇంటికొచ్చాక హోంవర్క్. టెన్షన్ పెట్టేదీ స్కూలువాళ్లే, తగ్గిస్తామని ఫీజు అడిగేదీ వాళ్లేనా! ముందు ఆ స్లిప్ టెస్ట్ మార్కుల గురించి ఇంట్లో అడగడం మానేసి చూడండమ్మా.

అమరావతి తాతయ్య:
ఇందులో కొత్తేముంది బాబూ, బుద్ధుడు చెప్పిన ఆనాపానసతే కదా, వచ్చేపోయే ఊపిరిని గమనించడం. 1979లో అమెరికాలో జాన్ కబాట్-జిన్ అనే ఆయన, ఏళ్ల తరబడి నొప్పులతో బాధపడే పెద్దవాళ్ల కోసం దీన్ని ఆసుపత్రిలో కోర్సుగా పెట్టాడు. స్తూపం పక్కన ఊళ్లో ఉండి మనం దీన్ని ఇంగ్లీషు పేరుతో, ఫీజు కట్టి నేర్చుకోవాలి! ధ్యానం నేర్పే విపశ్యన కేంద్రాల వాళ్లు పిల్లలకి ఆనాపాన ఫీజు లేకుండానే నేర్పుతారు, కనుక్కోమ్మా. బలవంతంగా మాత్రం కూర్చోబెట్టొద్దు.

బ్రాడీపేట అమ్మ:
అందరికీ థాంక్సండి. ఫీజు ఇంకా కట్టలేదు. నాలుగు రోజులుగా పాయసం ఊదడం ఇద్దరం కలిసి చేస్తున్నాం. నిన్న టెస్టుకి పొట్ట నొప్పి వచ్చింది, కాకపోతే ఒక ఇడ్లీ తిని వెళ్లాడు. లెక్కల నాన్న గారూ, మార్కులు అడగకుండా ఉండటం వాడికంటే మా ఆయనకే కష్టంగా ఉంది, ఆటో దిగగానే నోటి దాకా వచ్చి ఆగిపోతున్నారు. వీడేమో బెల్లం ముక్క కరగలేదంటూనే రెండోది అడుగుతున్నాడు.