‘సెవెన్స్’ని తెలుగులో ఏమందాం?

ప్రశ్న: 1903 నుంచి మద్రాసు ఓడల్లో కూలీలుగా వెళ్లిన మనవాళ్ల సంతతి ఫిజీలో ఉంది కదా. ఆ దేశపు రగ్బీ జట్టు మీద చిన్న వ్యాసం రాస్తూ ‘రగ్బీ సెవెన్స్’ దగ్గర ఆగిపోయాను. ‘ఏడు రగ్బీ’ అని రాస్తే మా అమ్మాయి, ‘ఎవర్ని ఏడవమంటున్నావు నాన్నా?’ అంది. అసలు ఈ ఏడు మనుషులా, నిమిషాలా? ఒక్కో సగం 7 నిమిషాలే మరి. రగ్బీలో పాయింట్లు తెచ్చే ‘ట్రై’ని ‘ప్రయత్నం’ అనొచ్చా?

జవాబు: మనుషులేనండి. 1883లో స్కాట్లాండ్‌లోని మెల్‌రోజ్‌లో ఇది పుట్టినప్పుడు మ్యాచ్ మొత్తం 15 నిమిషాలు. ఏడు నిమిషాల లెక్క తర్వాత వచ్చింది. క్లబ్బు దగ్గర డబ్బుల్లేకపోతే, మాంసం కొట్టులో పనిచేసే నెడ్ హేగ్ అనే ఆటగాడు టోర్నమెంట్ పెడదామన్నాడు. మామూలు రగ్బీలోలా జట్టుకి పదిహేనేసి మందితో ఒక్క పూటలో అన్ని మ్యాచ్‌లు ఎలా అవుతాయి? అందుకే జట్టుకి ఏడుగురు. ఫైనల్లో గాలా జట్టుతో సమమైంది. అదనపు సమయంలో మెల్‌రోజ్ వాళ్లు ఒక ట్రై కొట్టి, గెలిచేశామంటూ మైదానం వదిలి వెళ్లిపోయారట! టైమ్ ఇంకా ఉందని గాలా వాళ్లు గొడవ పెట్టుకున్నా కప్పు మెల్‌రోజ్‌కే దక్కింది.

‘సెవెన్స్’ అంటే ఏవి ఏడో ఇంగ్లీషులో తేలదు. మనకా చిక్కు లేదు. వామనగుంటల్లో ఒక్కో వైపు ఏడు గుంటలు, చెడుగుడులో ఒక్కో వైపు ఏడుగురు. ‘ఏడుగురి రగ్బీ’ అనండి, అమ్మాయి కూడా ఏమీ అనదు.

మరో జవాబు: ఆటకి ‘ఏడుగురి రగ్బీ’ బాగుంది. టోర్నీల పేర్లు మాత్రం మార్చకండి. 1976లో మొదలైన హాంకాంగ్ సెవెన్స్‌ని ‘హాంకాంగ్ ఏడుగురు’ అంటే ఏదో ముఠా పేరులా ఉంటుంది. అసలు ఈ ఆట బ్రిటన్ దాటి ప్రపంచం కళ్లలో పడింది అక్కడే. మైదానం పెద్ద రగ్బీదే, మనుషులు సగం కూడా లేరు. బరువు కంటే పరుగు ముఖ్యం. ఫిజీలాంటి చిన్న దేశాలకి ఇది అచ్చొచ్చింది. 1993లో ఎడిన్‌బరోలో మొదటి ప్రపంచ కప్పు జరిగితే, దానికి పెట్టిన పేరు మెల్‌రోజ్ కప్పు.

‘ప్రయత్నం’ వద్దు. బంతిని అవతలి గీత దాటించి నేలకి తాకించడమే ట్రై. మొదట్లో దానికి పాయింట్లు లేవు, గోలుకి తన్ని చూసే అవకాశం మాత్రం దొరికేది. ఆ పేరు అలా వచ్చింది. ఇప్పుడు దానికే 5 పాయింట్లు. సాధించేసినదాన్ని ‘ప్రయత్నం’ అంటే చదివేవాడు ఓడిపోయారనుకుంటాడు. ‘ట్రై’ అనే ఉంచండి.

ప్రశ్న వేసినవారు: ఇద్దరికీ థాంక్సండి. ‘ఏడుగురి రగ్బీ’ ఖాయం చేశాను. 2016 రియోలో ఫిజీ బ్రిటన్‌ని 43-7తో ఓడించి తన మొట్టమొదటి ఒలింపిక్ పతకమే బంగారంగా తెచ్చుకుంది. మరుసటి ఏడాది ఆ జట్టు గౌరవార్థం 7 డాలర్ల నోటు వేశారు. అక్కడ మటుకు ‘ఏడు’ చాలు, ‘గురు’ అక్కర్లేదు.