రెప్పల సర్జరీ అయి నాలుగు నెలలు, మళ్ళీ చేయించుకోమంటున్నారు. ఒప్పుకోవాలా?

మసకవెన్నెల:
నా వయసు 54. నాలుగు నెలల కిందట రెండు పైరెప్పలకూ బ్లెఫరోప్లాస్టీ, అంటే రెప్పల మీద మిగులు చర్మం తీసే సర్జరీ, చేయించుకున్నాను. చర్మం కళ్ళమీదికి వేలాడుతోందని, ఎప్పుడు చూసినా నీరసంగా కనిపిస్తున్నానని నేనే కోరి చేయించుకున్నాను. "ఎవరు చేయించుకోమన్నారు?" అనే ప్రశ్న ఇంట్లో రోజూ వింటున్నాను, దయచేసి ఇక్కడ అడగకండి.

ఎడమ కన్ను నిద్రలో పూర్తిగా మూసుకోవడం లేదు. మా అమ్మాయి అర్ధరాత్రి ఫోన్లో ఫోటో తీసి చూపించేదాకా నాకు తెలియదు. రెండు రెప్పల మధ్య తెల్లగా సన్నటి గీత కనిపిస్తోంది. పొద్దున లేచేసరికి కంట్లో ఇసుక పోసినట్టు గరగర. కుడి కన్నుది ఇంకో గొడవ. మూసుకోవడం బాగానే మూసుకుంటుంది, తెరుచుకోవడమే తక్కువ. మధ్యాహ్నమయ్యేసరికి రెప్ప కనుపాప మీదికి దిగిపోతుంది. లెక్కలు చూసేటప్పుడు గడ్డం పైకెత్తి చూస్తున్నానని ఆఫీసులో పక్క సీటావిడ అంటే అప్పుడు గమనించుకున్నాను.

సర్జన్ రెండు నిమిషాలు చూసి, "కుడివైపు ఇంకొంచెం చర్మం తీసేస్తే రెండూ సమానమవుతాయి, వచ్చే నెల రండి, నా ఫీజు ఇవ్వక్కర్లేదు" అన్నారు. ఎడమ కన్ను సంగతి అడిగితే "అదే సర్దుకుంటుంది" అన్నారు. నాకేమో టెన్షన్ తగ్గట్లేదు. రెండోసారి చేయించుకున్నవాళ్ళు ఉంటే చెప్పండి. ఎన్నాళ్ళు ఆగారు? అదే డాక్టర్ దగ్గరికే వెళ్ళారా?

కిందిరెప్ప:
అక్కా, నేను చేయించుకున్నాను. నావి కిందిరెప్పలు. కంటి కింద సంచులు తీయించుకుంటే ఆరు వారాలకల్లా కుడి రెప్ప కిందికి లాక్కుపోయి, నల్లగుడ్డు కింద తెల్లగుడ్డు కనిపించడం మొదలైంది. గాలి తగిలితే చాలు, నీళ్ళు. మర్నాడే సరిచేయించుకోవాలన్నంత తొందర నాది. రెండో అభిప్రాయానికి వెళ్ళిన ఆక్యులోప్లాస్టిక్ సర్జన్ (రెప్పల సర్జరీల్లో ప్రత్యేక శిక్షణ ఉన్న కంటి డాక్టర్) ముట్టుకోనన్నారు. మచ్చ లోపల ఇంకా గట్టిగా ఉంది, ఇప్పుడు కోస్తే మళ్ళీ అలాగే బిగుసుకుంటుంది, కార్నియా (నల్లగుడ్డు మీది పారదర్శకమైన పొర) బాగానే ఉంది కాబట్టి ఆరు నెలలు దాటాక రమ్మన్నారు. అప్పటిదాకా పగలు చుక్కలు, రాత్రి జెల్, ఆవిడ చూపించినట్టు రెప్పను పైకి నిమురుతూ మసాజ్. మసాజ్‌తో సగం నయమైందేమో అనిపించింది. మిగతా సగానికే సర్జరీ.

ఆ సర్జరీలో కోసి తీసేసింది ఏమీ లేదు. లోపల పట్టేసిన మచ్చను విడదీసి, అంగిట్లోంచి చిన్న ముక్క తీసి రెప్ప లోపల ఆసరాగా కుట్టి, బయటి మూలను ఎముక దగ్గర బిగించారు. కంటికంటే నోరే ఎక్కువ ఏడిపించింది. అంగిట్లో ప్లాస్టిక్ ప్లేటు పెట్టుకుని వారం పైన మెత్తటివే తిన్నాను. ఇప్పుడు నీళ్ళు కారవు, కన్ను మూసుకుంటుంది. ఫోటోల్లో మాత్రం ఆ కంటి మూల కాస్త గుండ్రంగా కనిపిస్తుంది. నాకు తప్ప ఎవరికీ తెలియదని మా ఆవిడ అంటుంది, నేను నమ్మను.

మొదటి సర్జరీ నోట్స్ అడిగి తీసుకోండి. ఎంత చర్మం తీశారో, కొవ్వు తీశారో లేదో అందులో ఉంటుంది. పాత ఫోటోలు కూడా తీసుకెళ్ళండి, అందంగా వచ్చినవి కాదు, ఎదురుగా తీసినవి.

చుక్కలమందు:
కళ్ళ పరీక్షలు చేసే పని నాది, సర్జన్‌ని కాను. మీ పోస్టు చదవగానే నాకు తట్టింది ఒకటే: కుడి కన్నుకున్నది చర్మం సమస్య కాకపోవచ్చు. రెప్పను పైకెత్తే కండరం పట్టు సడలితే దాన్ని టోసిస్ అంటారు. సర్జరీకి ముందునుంచే ఉండి, వేలాడే చర్మం చాటున కనిపించకుండా పోయి ఉండొచ్చు. సర్జరీలోనూ రావచ్చు. ఏదైనా సరే, చర్మం ఎంత తీసినా ఆ రెప్ప లేవదు. మూసుకోకపోవడం మాత్రం ఆ కంటికీ వస్తుంది.

కొలవడం పెద్ద కష్టం కాదు. టార్చి వెలుగు కనుపాప మధ్యలో మెరిసే చుక్క నుంచి పైరెప్ప అంచుదాకా మామూలుగా 4 నుంచి 5 మిల్లీమీటర్లు ఉండాలి. కనుబొమ్మ కింది అంచు నుంచి రెప్ప అంచుదాకా చర్మం సుమారు 20 మిల్లీమీటర్లైనా ఉంటేనే కన్ను హాయిగా మూసుకుంటుంది. ఈ రెండూ కొలవకుండా "ఇంకొంచెం తీద్దాం" అంటే అంచనా మాత్రమే. ఫినైలెఫ్రిన్ చుక్క వేసి కాసేపు ఆగి రెప్ప ఎంత లేస్తుందో కూడా చూస్తారు. కన్నీళ్ళ పరీక్ష తప్పకుండా చేయించుకోండి, కంట్లో చిన్న కాగితం పట్టీ ఐదు నిమిషాలు ఉంచుతారు.

ఇంకో సంగతి. మెదడు రెండు రెప్పలకూ ఒకే ఆజ్ఞ పంపుతుంది. కుడిది దిగితే దాన్ని ఎత్తాలని గట్టిగా ప్రయత్నిస్తుంది, ఆ బలానికి ఎడమది అవసరానికి మించి తెరుచుకుంటుంది. కుడి రెప్పను వేలితో పైకెత్తి పట్టుకుని అద్దంలో ఎడమది చూడండి, కిందికి దిగుతుందేమో.

ఎడమ కన్ను నొప్పి పెట్టినా, వెలుతురు చూడలేకపోయినా, చూపు మసకబారినా ఆరు నెలల లెక్క పెట్టుకోకండి. అదే రోజు కంటి డాక్టర్‌కి చూపించండి.

పాతకాపు:
అందరూ డాక్టర్‌ని మార్చమనే అంటారు. నేను ఒప్పుకోను. నాకు ఒకవైపు చర్మం కాస్త మిగిలిపోతే, చేసిన ఆయనే ఏడో నెలలో పది నిమిషాల్లో సరిచేశారు. ఏం తీశారో ఆయనకే బాగా తెలుసు. కానీ ఆయన ముందు స్కేలు పెట్టి కొలిచారు. మీ డాక్టర్ కొలవలేదంటున్నారు కాబట్టి మీ విషయంలో నా మాట వెనక్కి తీసుకుంటున్నాను.

మసకవెన్నెల:
అందరికీ థాంక్స్. మూడు వారాలు పట్టింది, ఇప్పుడు చెప్పగలను.

నోట్స్ కోసం రెండుసార్లు తిరగాల్సి వచ్చింది. ఎందుకని అడిగారు, నా ఫైల్లో పెట్టుకోవాలన్నాను. దొరికిన కాగితంలో ఎడమవైపు కుడికంటే 3 మిల్లీమీటర్లు ఎక్కువ తీసినట్టుంది.

కొత్తగా వెళ్ళిన ఆక్యులోప్లాస్టిక్ సర్జన్ నలభై నిమిషాలు చూశారు. వెలుగు చుక్క నుంచి రెప్పదాకా కుడివైపు 1.5, ఎడమవైపు 5. చర్మం కుడివైపు 20, ఎడమవైపు 16. మా పెళ్ళి ఫోటో చూపిస్తే నవ్వి, "ఈ కుడి రెప్ప అప్పుడే కొంచెం చిన్నదిగా ఉందమ్మా" అన్నారు. ముప్పై ఏళ్ళుగా ఆ ఫోటో గోడమీదే ఉంది, మాలో ఒక్కరమూ చూడలేదు.

కుడివైపు చర్మం జోలికి వెళ్ళరట. కండరాన్ని బిగిస్తారు, అదీ లోకల్ మత్తుతో, మధ్యలో లేపి కూర్చోబెట్టి రెండు రెప్పలూ సరిపోయాయో లేదో చూసుకుంటూ. అయితే కన్నీళ్ళు తక్కువున్నాయని తేలింది, రెప్ప పైకెత్తితే కన్ను ఇంకా ఆరుతుంది కాబట్టి పూర్తిగా ఎడమదానంత ఎత్తరట. నేను సరే అన్నాను. ఎడమ కన్నుకి ఇప్పటికి చుక్కలు, జెల్, రాత్రి కన్ను మూసి ఉంచడానికి టేపు. రెండు నెలలయ్యాక కూడా సందు అలాగే ఉంటే చెవి వెనక నుంచి చర్మం తెచ్చి అతకాల్సి రావచ్చన్నారు. చర్మం తీయించుకోవడానికి వెళ్ళి, అతికించుకోవడం దాకా వచ్చింది నా కథ.

ఒక చిన్న డౌటు. జెల్ వేసుకున్నాక కళ్ళజోడు కూడా పనికిరావట్లేదు, అంతా పొగమంచులా ఉంటుంది. టేపేమో అర్ధరాత్రికి ఊడిపోతోంది.

చుక్కలమందు:
జెల్ అన్ని పనులూ అయ్యాక, లైటు ఆర్పే ముందు వేసుకోండి. టేపు ఊడేది జిడ్డువల్లే. అందుకే ముందు రెప్ప బయట పొడిగా తుడిచి, ఆ తర్వాత టేపు వేయండి. టేపు కింద కన్ను తెరుచుకుంటే కార్నియాకి రాసుకుంటుంది, కాబట్టి ఎలా వేయాలో ఒకసారి క్లినిక్‌లో వాళ్ళ చేతే వేయించుకుని చూడండి. అమ్మాయిని పక్కన ఉంచుకోండి, వేసేది తనే కదా.