ఊరి హైస్కూలు రిజల్టు తక్కువ, టౌన్ ప్రైవేటుది ఎక్కువ: ఈ పోలిక న్యాయమేనా?

పల్నాటి రైతు: పదో తరగతి ఫలితాల నుంచి మా ఊళ్లో ఇదే మాట. టౌన్‌లో ప్రైవేటు స్కూలు వంద శాతమని ఫ్లెక్సీ కట్టింది. మన జడ్పీ హైస్కూల్లో చాలామంది లెక్కల్లో పోయారు. ఈ జూన్‌లో ఇంకో ఆటో నిండా పిల్లలు అటు వెళ్లిపోయారు. 2025లో రాష్ట్రం మొత్తమ్మీద పాసైందే 81.14 శాతం. మరి వాళ్లకు వంద ఎలా వచ్చిందో ఎవరైనా అడిగారా?

లెక్కల మాస్టారు: శాతం తీసేది పరీక్ష రాసినవాళ్ల మీద, ఆరులో చేరినవాళ్ల మీద కాదు. తొమ్మిది అవగానే వెనకబడిన పిల్లల చేతిలో టీసీ పెట్టి పంపేస్తారు. వాళ్లు మా దగ్గరికే వస్తారు. సగం పెద్దదా, ముప్పావు పెద్దదా అంటే తడుముకునే పిల్లాడికి త్రికోణమితి చెప్పాలి. వాడు తప్పితే మా ఖాతాలో.

ఇద్దరు పిల్లల తల్లి: టీసీ సంగతి నాకెందుకండీ? నేను పదో తరగతి రిజల్టు చూసి మానిపించలేదు. 2022లో 117 జీవో అని మూడు, నాలుగు, ఐదు తరగతులను హైస్కూలుకి కలిపారు. ఎనిమిదేళ్ల పిల్ల హైవే దాటి వెళ్లాలి. ప్రైవేటు ఆటో ఇంటి ముందుకొచ్చింది. 2025లో ఆ జీవో రద్దు చేశారు, అప్పటికి మా అమ్మాయి ఆరుకొచ్చేసింది.

లెక్కల మాస్టారు: జీవో నేను ఇచ్చింది కాదు. టీసీ ఇచ్చి పంపినవాళ్లను ఎవరి లెక్కలో వేయాలో ముందు అది చెప్పండి.

శ్రీను: బడిలో గుడ్డు, రాగిజావ, పుస్తకాలు, యూనిఫాం అన్నీ ఇస్తున్నారు. ఇంకేం కావాలి?

ఇద్దరు పిల్లల తల్లి: టీచర్ కావాలి. మా ప్రైమరీలో ఉన్నది ఒక్కరే, ఆవిడ మీటింగ్‌కి వెళ్తే బడికి తాళం. తల్లుల ఖాతాలో ప్రభుత్వం వేసే తల్లికి వందనం 13,000 ప్రైవేటు పిల్లలకూ పడుతోంది, అది ఫీజుకి కట్టేస్తున్నా. మాస్టారూ, మీ పిల్లలు ఎక్కడ చదివారు?

లెక్కల మాస్టారు: ఇది వ్యక్తిగతం.

ఇద్దరు పిల్లల తల్లి: నేను చెప్పింది మాత్రం నా ఇంటి సంగతి కాదా?

లెక్కల మాస్టారు: సరే. మా పెద్దవాడు ప్రైవేటులోనే చదివాడు. తప్పే, ఒప్పుకుంటున్నాను. తప్పని తెలుసు కాబట్టే అంటున్నాను. అడిగే తల్లిదండ్రులంతా వెళ్లిపోతే మిగిలేది కూలికెళ్లేవాళ్ల పిల్లలే. బడి సంగతి ఇంకెవరు పట్టించుకుంటారు?

ఇద్దరు పిల్లల తల్లి: అడగడానికి మనిషి కావాలని నా కూతుర్ని అక్కడ ఉంచాలా? మూడో తరగతిని పిల్ల జీవితంలో ఒక్కసారే చదువుతుంది.

కాలనీ నుంచి: మిగిలినవాళ్లలో మావాడొకడు. ఆటోకి కట్టలేక ఉంచాను. మొన్న జూలైలో మెగా పీటీఎంకి, అదే బడిలో తల్లిదండ్రులు, టీచర్ల మీటింగ్‌కి, కూలి మానుకుని వెళ్లాను. కుర్చీ వేశారు, మర్యాదగానే మాట్లాడారు. ప్రోగ్రెస్ కార్డు చేతికిచ్చి ఏమైనా అడుగుతారా అన్నారు. లెక్కల్లో తక్కువొచ్చాయని కనిపిస్తోంది, కానీ ఏమని అడగాలో తోచలేదు. సంతకం పెట్టి వచ్చేశాను. చదువుకున్నవాళ్లు ఒక్కరు పక్కన ఉన్నా అడిగేవాణ్ణి.

లెక్కల మాస్టారు: నేను చెప్పేదీ అదే.

ఇద్దరు పిల్లల తల్లి: అన్నా, ఈసారి పెట్టినప్పుడు చెప్పు, నీతో వస్తాను. అమ్మాయిని మాత్రం పంపను.