ట్రంప్‌కీ, అబార్షన్ హక్కుకీ కలిపి ఓటేసినవాళ్లు ఎవరైనా తెలుసా?

2024 అమెరికా ఎన్నికల ఫలితాల్లో ఒక లెక్క నాకు ఇప్పటికీ తెగడం లేదు.

మిస్సోరి రాష్ట్రంలో ట్రంప్‌కి 58 శాతం పైగా ఓట్లొచ్చాయి; ఆయన రిపబ్లికన్ పార్టీ మామూలుగా అబార్షన్‌కి వ్యతిరేకం. అదే రోజు, అదే బ్యాలెట్ మీద, అబార్షన్ హక్కును రాష్ట్ర రాజ్యాంగంలో చేర్చే 3వ సవరణ కూడా దాదాపు 52 శాతంతో గెలిచింది. రెండూ కలిపితే 110. అంటే నూటికి సుమారు పదిమందైనా రెండు చోట్లా వేసుండాలి కదా! అరిజోనాలోనూ ఇదే కథ. ఫ్లోరిడాలో ఇలాంటి సవరణే 57 శాతం వచ్చినా ఓడింది, అక్కడ 60 కావాలి కాబట్టి. అదొక్కటీ అర్థమైంది.

టీవీ చర్చలు గంటలకొద్దీ చూశాను. రెండు పక్షాలూ అరుచుకోవడమే తప్ప ఈ పదిమంది ఊసే లేదు. కౌంటీలవారీ ఫలితాలు పక్కపక్కన పెట్టుకుని చూసినా మనుషుల మనసులో ఏముందో తెలియలేదు. డాలస్‌లో ఉన్న మా అక్కని అడిగితే, టెక్సాస్ బ్యాలెట్‌లో ఈ ప్రశ్నే లేదంది. ఇంత దూరం నుంచి చూసి అందర్నీ ఒకే గాటన కట్టేయడం నాకిష్టం లేదు.

మిస్సోరిలో ఉంటున్నవాళ్లు చెప్పండి: ఇలా రెండింటికీ ఓటేసిన పక్కింటివాళ్లో, ఆఫీసువాళ్లో మీకు తెలిసుంటే, వాళ్లు తమ నోటితో చెప్పిన కారణం ఏమిటి?