ఇంటర్ ఫిజిక్స్: లెక్కలు ముందా, మాట్లాడించడం ముందా?

పొదలకూరు అమ్మ: మా పాప నెల్లూరులో హాస్టల్లో ఉండి ఎంపీసీ మొదటి సంవత్సరం చదువుతోంది. దసరా సెలవులకు ఇంటికొచ్చింది. నిమ్మకాయల బస్తా దగ్గర కూర్చుని ఒక కాయ పైకి ఎగరేసి అడిగాను: "పైకంటా పోయి ఆగిన క్షణంలో దీని మీద బలం ఎంత?" తడుముకోకుండా "సున్నా" అంది. అదే కాయ ఎంత ఎత్తుకు పోతుందో లెక్క ఇస్తే అర నిమిషంలో కట్టేసింది. బీఎస్సీ ఫిజిక్స్ చదివినదాన్ని, మనసు చివుక్కుమంది.

1992లో అమెరికా ఫిజిక్స్ ప్రొఫెసర్ హెస్టెనెస్, ఆయనతోటివాళ్లు లెక్కలే లేని ప్రశ్నపత్రం తయారుచేశారు. బలం అంటే ఏంటో అర్థమైందా లేదా అని చూడటమే దాని పని. అలాంటి పరీక్షలతోనే 1998లో రిచర్డ్ హేక్ అనే మరో ఫిజిక్స్ ప్రొఫెసర్ 6,542 మంది విద్యార్థుల ఫలితాలు పోల్చాడు. మొదట్లో తెలియనిదాంట్లో ఎంత భాగం నేర్చుకున్నారని చూస్తే, పాఠం విని ఊరుకునే క్లాసుల్లో సగటు 0.23, పిల్లలు వాదించుకుంటూ చేసి చూసుకునే క్లాసుల్లో 0.48. మన దగ్గర ఇలాంటి క్లాసులు ఎందుకు పెట్టరు?

ఒంగోలు లెక్చరర్: మేడం, ఇరవై రెండేళ్లుగా ఇంటర్‌కు చెబుతున్నా. మీ పాప ఒక్క జవాబు తప్పు చెబితే చదువంతా తప్పైపోయిందా? ఈఏపీసెట్‌లో 160 ప్రశ్నలు, మూడు గంటలు, అందులో ఫిజిక్స్ 40. అక్కడ కూర్చుని వాదించుకునే తీరిక ఎవరికుంది? చేతికి లెక్క అలవాటైతే అర్థం వెనకే వస్తుంది.

కావలి బీటెక్: ఆగిన వస్తువు మీద బలం ఎట్టా ఉంటుందండీ? న్యూటన్ మొదటి నియమం ప్రకారం సున్నానే కదా. పాప చెప్పింది కరెక్టే.

పెన్నా గట్టు: కాదు తమ్ముడూ. ఆ క్షణంలో సున్నా అయ్యేది వేగం. భూమి లాగడం ఆపలేదుగా! త్వరణం అప్పుడూ 9.8. బలం నిజంగా సున్నా అయితే కాయ అక్కడే ఉండిపోవాలి, కిందికి రాకూడదు. చూశారా లెక్చరర్ గారూ, బీటెక్ అయ్యాక కూడా ఇదీ పరిస్థితి. లెక్క అలవాటైతే అర్థం వస్తుందన్నారు. 2002లో కొరియాలో కిమ్, పాక్ అనే ఇద్దరు అదే పరీక్షించారు. ఆ విద్యార్థులు సగటున 1,500 లెక్కలు చేసినవాళ్లు. అయినా మూల భావనల్లో తడబాటు పోలేదు.

ఒంగోలు లెక్చరర్: వాళ్లు మొత్తం ఇరవై ఏడు మంది. మా ఒక్క సెక్షన్‌లో సగం కూడా లేరు. మీరు చెప్పని సంగతి నేను చెబుతా. 2009లో 'సైన్స్' అనే పరిశోధన పత్రికలో వచ్చింది: ఆ బలం పరీక్షలోనే చైనా విద్యార్థుల సగటు దాదాపు 86 శాతం, అమెరికా వాళ్లది 49. చైనా పిల్లలు బళ్లోనే ఏళ్ల తరబడి రుద్ది రుద్ది చదివినవాళ్లు.

పెన్నా గట్టు: అదే వ్యాసంలో ఇంకో పరీక్ష కూడా ఉంది. శాస్త్రీయంగా ఆలోచించే శక్తి కొలిస్తే ఇద్దరూ 75 దగ్గరే ఆగారు. అంత రుద్దినా అది పెరగలేదు.

చీమకుర్తి కుర్రాడు: గ్రానైట్ లారీ ఆటోను గుద్దితే రెండింటి మీదా బలం సమానమేనా?

పెన్నా గట్టు: సమానమే. ఆటో ద్రవ్యరాశి తక్కువ కాబట్టి దాని త్వరణం ఎక్కువ, అందుకే నుజ్జవుతుంది.

ఒంగోలు లెక్చరర్: 0.48 గురించి ఇంకా ఎవరూ మాట్లాడలేదు. అది సగం కూడా కాదు. దానికోసం సిలబస్ వదిలేయాలా?

పొదలకూరు అమ్మ: మీరు అంకె పట్టుకుని వేలాడుతున్నారు. మా పాప ఈ సందేహమే క్లాసులో అడిగిందంట. "ఇది పరీక్షలో రాదు, కూర్చో" అన్నారంట. అరవై మంది ముందు. అప్పటినుంచి ఏదీ అడగడం లేదు. నాకు చెప్పేటప్పుడు కూడా తల దించుకునే చెప్పింది.

ఒంగోలు లెక్చరర్: కూర్చో అన్నవాణ్ణి నేనే అనుకోండి. నేనూ అన్నాను, చాలాసార్లు. ఒకప్పుడు నేనూ పిల్లల్ని వాదించుకోమని వదిలేవాణ్ణి. భ్రమణ చలనం రెండు రోజులు వెనకపడింది. ఆ ఆదివారం టెస్టులో సగటు తగ్గింది. "సార్ ఏం చెప్పట్లేదంట, పిల్లలు కబుర్లాడుకుంటున్నారంట" అని తల్లిదండ్రులే ఫోన్లు చేశారు. నా జీతం పెంపు ఆగిపోయింది. నా బిడ్డకూ ఫీజు కట్టాలి మేడం. పద్ధతి తెలియక కాదు.

పెన్నా గట్టు: సార్, ఇంతసేపూ మిమ్మల్ని తప్పుగా అనుకున్నా. 2019లో హార్వర్డ్‌లో తేలింది కూడా ఇదే. చర్చించుకున్న పిల్లలు ఎక్కువ నేర్చుకున్నారు, కానీ తాము తక్కువ నేర్చుకున్నట్టు వాళ్లకే అనిపించింది. ఇంటికి ఫోన్ చేసి అదే చెబుతారు.

పొదలకూరు అమ్మ: మా పెద్దోడప్పుడు వారం టెస్టులో ఎనిమిది మార్కులు తగ్గితే కాలేజీకి ఫోన్ చేసి గట్టిగా అడిగింది నేనే. చర్చలు ఎందుకు పెట్టరని ఒక్కసారి కూడా అడగలేదు.

సెలవులు ఇంకా మూడు రోజులున్నాయి. పాపను ఏం అడగమంటారు సార్?

ఒంగోలు లెక్చరర్: బావిలోంచి బకెట్‌ను ఒకే వేగంతో పైకి లాగుతున్నారు. తాడు లాగే బలం బకెట్ బరువు కంటే ఎక్కువా, సమానమా? ముందు కాగితం మీద జవాబు రాయించండి. తర్వాత వాళ్ల అన్నతో వాదించనివ్వండి. మళ్లీ రాయించండి. మధ్యలో మీరు చెప్పొద్దు.