ఒపెరా పోటీలు: వైల్డ్ కార్డ్‌తో వచ్చి టైటిల్ కొట్టడం న్యాయమేనా?

రాగమాలిక_వైజాగ్: 2017 కార్డిఫ్ సింగర్ ఆఫ్ ద వరల్డ్ (వేల్స్‌లో బీబీసీ పెట్టే ఒపెరా గాయకుల పోటీ) ఫైనల్ మళ్ళీ చూశాను. స్కాట్లండ్ మెజో (ఆడవాళ్ళలో మధ్యస్థాయి గొంతు) కాట్రియోనా మోరిసన్ తన రౌండ్ గెలవలేదు. జడ్జీలు వైల్డ్ కార్డ్ ఇచ్చి ఫైనల్‌కి తెచ్చారు. ఆవిడే టైటిల్ కొట్టింది. 1983లో పోటీ మొదలయ్యాక గెలిచిన మొదటి బ్రిటిష్ గాయని కూడా. ఇక ఆ రౌండ్లు పెట్టడం దేనికి?

తంబుర: టెన్నిస్‌లో క్వాలిఫయింగ్ ఓడినా మెయిన్ డ్రాలో చోటు దొరికే లక్కీ లూజర్ అన్నమాట 🙂

బారిటోన్_భక్తుడు: లక్కీ ఏమిటండీ, ఆవిడ అదే ఏడాది సాంగ్ ప్రైజ్ (ఒపెరా కాని పాటలకి విడిగా ఇచ్చే బహుమతి) కూడా మంగోలియా గాయకుడితో పంచుకుంది. గాలివాటంగా రెండూ వస్తాయా? 1989 కార్డిఫ్ గుర్తు చేసుకోండి. రష్యా హ్వొరొస్తోవ్‌స్కీ, వేల్స్ బ్రిన్ టెర్ఫెల్, ఇద్దరు బారిటోన్లు (మగవాళ్ళలో మధ్యస్థాయి గొంతు) ఫైనల్లో ఢీకొన్నారు. టైటిల్ రష్యన్‌కి, లీడ్ (కవితలకు కట్టిన జర్మన్ పాటలు) బహుమతి టెర్ఫెల్‌కి. ఆ ఇద్దరూ మొదటి రౌండ్‌లోనే ఒకరికొకరు తగిలి ఉంటే? వైల్డ్ కార్డ్ ఉన్నది అలాంటి డ్రా కోసమే.

రాగమాలిక_వైజాగ్: నేనడిగింది రూల్ గురించి. మీరు టెర్ఫెల్ కథ చెబుతున్నారు.

లేటుగా_మొదలెట్టా: వైల్డ్ కార్డ్ సరే, వయసు రూల్ మాట ఎవరూ ఎత్తరేం? ఒపెరాలియా అనే ఇంకో అంతర్జాతీయ ఒపెరా పోటీకి 32 ఏళ్ళ పరిమితి, కార్డిఫ్‌కీ 32. నాది బాస్, అంటే అన్నిటికంటే కింది స్థాయి మగ గొంతు. చెన్నైలో ఉద్యోగం చేసుకుంటూ ఇరవై ఏడుకి నేర్చుకోవడం మొదలెట్టాను. ఈ గొంతు ముప్పై అయిదు దాటాకే నిండుతుందని మా టీచరే అన్నారు. యూరప్‌లో ఒక పోటీవాళ్ళు ఫీజు తీసుకున్నాక పుట్టినతేదీ చూసి తిప్పి పంపారు. ఫీజు మాత్రం తిరిగి రాలేదు.

బారిటోన్_భక్తుడు: అది వేరే థ్రెడ్ పెట్టుకోండి.

లేటుగా_మొదలెట్టా: ఎందుకు వేరే? జడ్జీలు ఇష్టమైనవాళ్ళకి తలుపు తీస్తే మీకు ముద్దు, మాకు మూస్తే వేరే థ్రెడ్డా!

రాగమాలిక_వైజాగ్: అదే కదా నేను మొత్తుకుంటున్నది. భక్తుడి గారికి రూలంటేనే అలుసు.

బారిటోన్_భక్తుడు: అలుసు కాదు. మీరు దీన్ని ఎంసెట్ ర్యాంకు అనుకుంటున్నారు, అక్కడే తేడా కొడుతోంది. ఇది ఆడిషన్. ఒపెరాలియా జ్యూరీలో చాలామంది ఒపెరా హౌసుల కాస్టింగ్ డైరెక్టర్లే. 1998లో అక్కడ అమెరికా మెజో జాయిస్ డిడొనాటోది రెండో బహుమతి, ఆమె కెరీర్ ఆగిందా? న్యూయార్క్ మెట్ (మెట్రోపాలిటన్ ఒపెరా) 1930లలో రేడియోలో పెట్టిన పోటీ పేరే 'ఆడిషన్స్ ఆఫ్ ద ఎయిర్', గెలిచినవాళ్ళకి మెట్‌లో కాంట్రాక్టు. 1954లో 'నేషనల్ కౌన్సిల్ ఆడిషన్స్' వచ్చాయి. వాటికి లాఫాంట్ కాంపిటీషన్ అని పేరు మార్చింది 2021లోనే.

రాగమాలిక_వైజాగ్: ఆడిషన్ అయితే దేశం పేరు తగిలించి స్టేజీ ఎక్కించడం ఎందుకు? టీవీలో జనం చూడాలంటే పోటీ. న్యాయం అడిగితే ఆడిషన్. బాగుంది.

తంబుర: పాయింటే.

లేటుగా_మొదలెట్టా: పోనీ, ఆడిషనే అనుకుందాం. వాగ్నర్ ఒపెరాలో హాగెన్ లాంటి బరువైన బాస్ విలన్ పాత్రకి ముప్పై రెండు దాటని కుర్రాడు కావాలని ఏ ఒపెరా హౌస్ అడుగుతుంది?

బారిటోన్_భక్తుడు: హాగెన్ కోసం ఎవరూ పోటీల్లో వెతకరండీ. మంచి ఏజెంట్‌ని పట్టుకోండి.

లేటుగా_మొదలెట్టా: పట్టుకున్నాను. మొదట అడిగింది ఏ పోటీ గెలిచావనే.